దయ్యం ఎవరికి కనబడుతుంది?

పులిజూదం ఎరుగని తెలుగు పాఠకులు అరుదు. గుడి మంటపాల బండల మీద, ఊరి రచ్చల మీద చెక్కిన ఆ పటం ఇప్పటికీ పలుచోట్ల కనబడుతుంది. ఒకరి పక్షాన మూడు పులులు, మరొకరి పక్షాన పదిహేను మేకలు. పులి మేకమీదుగా దూకి దానిని చంపగలదు. మేకకు ఆ శక్తి లేదు. పదిమందీ కూడి పులిని కదలకుండా కట్టివేయడమే దాని మార్గం. చదరంగంలో వలె ఇద్దరికీ ఒకే బలగం, ఒకే నడక ఇందులో లేవు. ఇట్లాంటి ఆటలను విషమ పక్షాల ఆటలు అనవచ్చు. కాని పక్షాలు ఎంత విషమమైనా ఒక్క విషయంలో ఆ ఇద్దరు ఆటగాళ్ళూ సమానులే. పటం మీద ఏమున్నదో ఇద్దరికీ కనబడుతుంది. పులి ఎక్కడ ఉన్నదో తెలియని మేక ఆ ఆటలో లేదు.

దాగుడుమూతలు దీనికి తలక్రిందులు. అక్కడ అందరికీ ఉన్నవి రెండు కాళ్ళు, రెండు కళ్ళే. బలంలో తేడా లేదు. తేడా అంతా తెలియడంలో ఉన్నది. దాగినవాడికి వెదికేవాడి అడుగుల చప్పుడు తెలుసు, వెదికేవాడికి దాగినవాడి సంగతి తెలియదు. ఆ కొద్ది తేడా చాలు, గాదె వెనుక నక్కిన పిల్లవాడి గుండె దడదడ కొట్టుకోవడానికి.

బలంలో విషమత, ఎరుకలో విషమత - ఈ రెంటినీ ఒకచోట చేర్చి, ఒకే గదిలో కూర్చున్న అయిదుగురిచేత ఆడించడం సాధ్యమా? 2012లో వెలువడిన ఒక చిన్న వీడియో ఆట ఈ ప్రశ్నకు సమాధానం చెప్పింది. ఆ ఆట పేరు ‘లుయిజీస్ ఘోస్ట్ మాన్షన్’, అనగా లుయిజీ దయ్యాల మేడ. అది విడిగా అమ్మిన ఆట కాదు. జపాను దేశపు నిన్‌టెండో కంపెనీ తన ‘వీ యూ’ అనే ఆటయంత్రంతోపాటు విడుదల చేసిన ‘నిన్‌టెండో లాండ్’ అనే పన్నెండు ఆటల సంపుటిలో అదొకటి. 2012 నవంబరు 18న అమెరికాలోను, మరికొద్ది రోజులకు ఐరోపాలోను, డిసెంబరు 8న జపానులోను అది అంగళ్ళకు వచ్చింది. దయ్యాల వేటను వస్తువుగా తీసుకున్న ఆటలు ఆ తరువాత ఎన్నో వచ్చాయి. ఇంతకంటె పెద్దవి, ఇంతకంటె అందమైన బొమ్మలు గలవి వచ్చాయి. అయినా దయ్యమంటే ఏమిటో ఈ చిన్న ఆట గ్రహించినంత బాగా అవి గ్రహించలేదు. ఇది కొంచెం పెద్ద మాటే. ఆట లోపలికి వెళ్ళి చూస్తేగాని దాని నిజానిజాలు తేలవు.

ముందుగా యంత్రాన్ని గురించి. సాధారణంగా ఇట్లాంటి యంత్రాలను టెలివిజన్‌కు తగిలించి, చేతిలో మీటలు పట్టుకొని ఆడతారు. వీ యూకు ఉన్న విశేషం గేమ్‌ప్యాడ్ అనే చేతిపలక. దాని మధ్యలో 6.2 అంగుళాల తెర ఒకటి ఉన్నది. యంత్రం టెలివిజన్‌కు ఒక బొమ్మను, ఈ పలకకు మరొక బొమ్మను ఏకకాలంలో పంపగలదు. పలకకు తీగ లేదు. బొమ్మ రేడియో తరంగాల మీదుగా, చూసేవారికి జాగు తెలియనంత త్వరగా వస్తుంది. ఇదిగాక వీ రిమోట్ అనే కర్రవంటి మీటలు నాలుగింటిని అదే యంత్రంతో కలుపుకోవచ్చు. 2012 జూన్‌లో లాస్ ఏంజెలీస్ నగరంలో జరిగిన ఈ3 ప్రదర్శనలో ఈ యంత్రాన్ని చూపినప్పుడు కంపెనీవారు ‘అసిమెట్రిక్’ ఆట అనే మాటను ముందుకు తెచ్చారు. వ్యాపార ప్రచారంలో పుట్టిన మాటలు సాధారణంగా పొల్లుగా ఉంటాయి. ఈ మాటలో మాత్రం గింజ ఉన్నది.

ఆట ఇట్లా సాగుతుంది. ఒకరు గేమ్‌ప్యాడ్ తీసుకొని దయ్యమవుతారు. మిగిలినవారు, ఒకరు మొదలు నలుగురి వరకు, రిమోట్లు పట్టుకొని వేటగాళ్ళవుతారు. పైకప్పు ఎత్తివేసి పైనుంచి చూసినట్లుగా ఒక పాతమేడ గదులు, నడవలు టెలివిజన్‌లో కనబడతాయి. వేటగాళ్ళ చేతుల్లో టార్చిలైట్లు ఉంటాయి. టెలివిజన్ బొమ్మలో వేటగాళ్ళున్నారు, గోడలున్నవి, చీకటి ఉన్నది, దయ్యం లేదు. దయ్యం గేమ్‌ప్యాడ్ తెర మీద మాత్రమే ఉన్నది. అది వెనుకనుంచి వచ్చి పట్టుకుంటే వేటగాడు మూర్ఛపోతాడు. అందరూ పడిపోతే దయ్యం గెలిచినట్లు. టార్చి వెలుగు దయ్యం మీద పడితే అది అందరికీ కనబడుతుంది, వెలుగు నిలిచినకొద్దీ దాని బలం క్షీణిస్తుంది. బలం సున్నకు చేరితే వేటగాళ్ళు గెలిచినట్లు.

కథల్లో దయ్యం కనబడకపోవడానికి మంత్రాలు, శాపాలు, అమావాస్యలు కావలసి వచ్చాయి. ఇక్కడ ఏమి కావలసి వచ్చింది? మేడ పటం, అందులో ఎవరెక్కడ ఉన్నారన్న లెక్క యంత్రం జ్ఞాపకంలో ఒక్కటే ఉన్నది. ఆ ఒక్క లెక్కనుంచే అది రెండు బొమ్మలు గీస్తుంది. పలక మీద గీసేటప్పుడు దయ్యాన్ని గీస్తుంది. టెలివిజన్ మీద గీసేటప్పుడు గీయదు. అదృశ్యత్వమంతా ఇంతే. దయ్యానికి ప్రత్యేకమైన శరీరమేదీ లేదు, ఒకరికి తెలిసి నలుగురికి తెలియని ఒక స్థానం మాత్రమే ఉన్నది. దయ్యాలను నమ్మేవారు, నమ్మనివారు కూడ దీనిని ఒప్పుకోవచ్చు: చీకటిలో మనిషిని భయపెట్టేది అక్కడ ఉన్న వస్తువు కాదు, అక్కడ ఏదో ఉన్నదని ఇంకెవరికో తెలిసి తనకు తెలియకపోవడం.

ఇంత సులభమైన పని అంతకు ముందు ఎందుకు జరగలేదని పాఠకులు అడగవచ్చు. ఒకే టెలివిజన్ ముందు నలుగురు కూర్చుంటే ఒకరికి చూపినది మరొకరికి దాచడం కుదరదు. 1997లో వచ్చిన ‘గోల్డెన్ ఐ’ ఆటలో తెరను నాలుగు పాళ్ళుగా చీల్చి నలుగురికీ తలా ఒక పాలు ఇచ్చారు. పక్కవాడి పాలులోకి తొంగి చూసి వాడెక్కడ దాగాడో తెలుసుకోవడం ఆ ఆట ఆడిన ఇళ్ళలో నిత్యం జరిగే తగవు. ఇంటర్నెట్ మీద ఎవరి తెర వారిదే కనుక దాచడం తేలిక. కాని అప్పుడు ఆటగాళ్ళు ఒక గదిలో ఉండరు. తెరలు వేరై, గది ఒకటే కావడం వీ యూ యంత్రపు విశేషం. ఈ రెండవ సగం - గది ఒకటే కావడం - ఎంత ముఖ్యమో ఆ కంపెనీవారి ప్రకటనల్లో కంటె ఆట ఆడుతున్నప్పుడే తెలుస్తుంది.

దయ్యం కనబడకపోతే వేటగాళ్ళు దానిని వెదకడం ఎట్లా? వారికి ఇచ్చిన ముఖ్యమైన సాధనం కంటికి సంబంధించినది కాదు, చేతికి సంబంధించినది. దయ్యం దగ్గరకు వచ్చినప్పుడు ఆ వేటగాడి చేతిలోని రిమోట్ అదురుతుంది. దగ్గరైన కొద్దీ అదురు హెచ్చుతుంది. రిమోట్ లోపల ఒక చిన్న విద్యుత్ మోటారు, దాని ఇరుసుకు ఒక పక్కకు ఒరిగిన బరువు ఉంటాయి. బరువు ఒక పక్కకే ఉన్నందువల్ల మోటారు తిరిగినప్పుడు కర్ర అంతా కంపిస్తుంది. ఆ మోటారుకు యంత్రం ఇవ్వగల ఆజ్ఞలు రెండే: తిరుగు, ఆగు. కనుక ఎక్కువ అదురు, తక్కువ అదురు అనే తేడాను క్షణంలో ఎంతసేపు తిప్పాలి, ఎంతసేపు ఆపాలి అన్న లెక్కతోనే తేవాలి. వైద్యుడు నాడి చూసినట్లు, వేటగాడు దయ్యాన్ని అరచేతితో చూస్తాడు.

అయితే ఆ అదురు దయ్యం ఎంత దూరంలో ఉన్నదో చెబుతుంది గాని ఏ దిక్కున ఉన్నదో చెప్పదు. ఇదే ఈ ఆటలోకెల్లా గొప్ప ఊహ. దూరం ఒక్కటే తెలిసినవాడికి దయ్యం తన చుట్టూ గీసిన ఒక వృత్తం మీద ఎక్కడో ఉన్నదని మాత్రమే తెలుస్తుంది. రెండవ వేటగాడు తన అదురును కూడ చెబితే రెండు వృత్తాలు రెండు బిందువుల వద్ద ఖండించుకుంటాయి. మూడవవాడు కూడ చెబితే ఒక్క బిందువే మిగులుతుంది. హైస్కూలు రేఖాగణితంలో ఉన్న విషయమే ఇది. ఉపగ్రహాల సంకేతాలతో ఓడలు, విమానాలు తామున్న చోటును తెలుసుకునే పద్ధతికి కూడ ఇదే పునాది. నిజానికి చేతికి తెలిసే అదురు మిల్లీమీటరు లెక్క కాదు కనుక వృత్తాలు సన్నని గీతలు కావు, మందమైన పట్టీలు. మేడ గోడలు ఆ మందాన్ని కొంత కోసివేస్తాయి: దయ్యం ఈ నడవలో ఉండి ఉండాలి, లేకుంటే ఆ గదిలో. ఇట్లా ఎవరికి వారికి చాలని ఎరుకను నలుగురూ కూడబెట్టుకుంటేగాని పని జరగదు. కూడబెట్టుకోవడానికి ఆట ఇచ్చిన యంత్రసాధనం ఏదీ లేదు. నోరు విప్పి చెప్పుకోవలసిందే.

నోరు విప్పితే దయ్యం వింటుంది! అది అదే సోఫా మీద, మూరెడు దూరంలో కూర్చొని ఉన్నది. ‘నాది అదురుతున్నది’ అని ఒక వేటగాడు అరవగానే ముగ్గురు మిత్రులు అటు తిరుగుతారు, దయ్యం అటునుంచి తొలగిపోతుంది. కాబట్టి తెలిసినవారు కొంతసేపటికి అరవడం మానివేస్తారు. చేతిలో కర్ర గడగడలాడుతున్నా ముఖాన ఏమీ కనబడనీయకుండా నిలబడి, దయ్యం మీద పడబోయే క్షణంలో చటుక్కున వెనుకకు తిరిగి వెలుగు పారిస్తారు. మరికొందరు అదరకపోయినా అదిరినట్లు కేకవేసి దయ్యాన్ని మిత్రుడి టార్చివైపు తోలుతారు. మోటారు చప్పుడు పక్కవారికి వినబడుతుంది కూడ. ఈ బుకాయింపులు, మౌనాలు, తప్పుడు కేకలు ఆట పుస్తకంలో రాసినవి కావు. చెబితే మిత్రుడికీ శత్రువుకీ కూడ తెలిసే స్థితిలో ఏది చెప్పాలి, ఏది దాచాలి అన్నది ఆర్థికశాస్త్రజ్ఞులు, గణితజ్ఞులు క్రీడా సిద్ధాంతంలో ఎంతో లోతుగా విచారించిన సమస్య. ఇక్కడ దానిని పదేళ్ళ పిల్లలు సమీకరణాలు లేకుండా విడగొడుతున్నారు.

క్రీడా సిద్ధాంతం మాట వచ్చింది కనుక ఇక్కడే ఒక ప్రసిద్ధమైన లెక్కను ప్రస్తావించడం అవసరం. రూఫస్ ఐజక్స్ అనే అమెరికా గణితజ్ఞుడు 1950ల మొదటి భాగంలో రాండ్ సంస్థలో పనిచేస్తూ తరిమేవారికి, తప్పించుకునేవారికి మధ్య జరిగే పోటీల గణితాన్ని నిర్మించాడు. 1965లో వచ్చిన అతని ‘డిఫరెన్షియల్ గేమ్స్’ అనే గ్రంథంలో రాకుమారి, రాక్షసుడు అనే సమస్య ఉన్నది. కటిక చీకటి గదిలో ఇద్దరూ ఉన్నారు. గది అంచులు ఇద్దరికీ తెలుసు, ఒకరి ఉనికి మరొకరికి తెలియదు. రాక్షసుడు ఎట్లా వెదకాలి? రాకుమారి ఎట్లా మెలగాలి? విశాలమైన గదుల విషయంలో దీనికి 1979లో ష్ముయెల్ గాల్ అనే గణితజ్ఞుడు సమాధానం చూపాడు. రాక్షసుడు గదిని సన్నని పట్టీలుగా భావించుకొని, ఏదో ఒక పట్టీని చీటీ తీసినట్లు ఎన్నుకొని వెదికి, మళ్ళీ మరొకదానిని ఎన్నుకోవాలి. రాకుమారి యాదృచ్ఛికంగా ఒక చోటుకు వెళ్ళి, మరీ తక్కువా మరీ ఎక్కువా కాని కొంత కాలం కదలకుండా నిలిచి, తరువాత మొదటిదానితో సంబంధం లేని మరొక చోటుకు పోవాలి. ఎప్పుడూ తిరుగుతూ ఉంటే ఎదురుపడే ప్రమాదం, ఎప్పుడూ నిలిచి ఉంటే వరసగా వెదికేవాడి చేతికి చిక్కే ప్రమాదం. చీకటిలో దాగినవారికి ఇంతకు మించిన మంచి సలహా లేదు.

దయ్యాల మేడలో వేటగాళ్ళు రాక్షసుని స్థానంలో, దయ్యం రాకుమారి స్థానంలో ఉన్నట్లు పైకి కనబడుతుంది. కాని ఇక్కడ రాకుమారికి కోరలున్నవి, కళ్ళు కూడ ఉన్నవి. దాగి ఉంటే చాలదు, పట్టుకుంటేనే గెలుపు. పట్టుకోవాలంటే దగ్గరకు రావాలి. దగ్గరకు వస్తే చేతుల్లో కర్రలు అదురుతాయి. దయ్యానికి గల శక్తి, దాని గుట్టును రట్టు చేసే సాధనం ఒకే దూరానికి ముడిపడి ఉన్నవి. ఎంత ప్రమాదకరమో అంత బట్టబయలు. ఇట్లా ముడివేసినవారికి ఆట గుణం బాగా తెలుసు.

టార్చి విషయంలో కూడ ఇదే పొదుపు కనబడుతుంది. వెలుగు ఆయుధం, మూర్ఛపోయిన మిత్రుడి మీద కొంతసేపు ప్రసరింపజేస్తే లేపే ఔషధం కూడ అదే. వెలిగించిన కొద్దీ బ్యాటరీ తరిగిపోతుంది. అప్పుడప్పుడు మేడలో కొత్త బ్యాటరీలు కనబడతాయి, వాటికోసం పోయేవాడు ఒంటరి అవుతాడు, ఒంటరివాడికోసమే దయ్యం కాచుకొని ఉంటుంది. వస్తువులు మూడు, నియమాలు నాలుగు. వాటిమధ్య చిక్కులు మాత్రం లెక్కలేనన్ని.

మెరుపుల సంగతి వేరు. మధ్యమధ్య ఆకాశంలో మెరిసినప్పుడు టెలివిజన్ మీద దయ్యం రూపు క్షణకాలం కనబడి మాయమవుతుంది. 1983లో జర్మనీలో రావెన్స్‌బుర్గర్ కంపెనీ ప్రచురించిన ‘స్కాట్లండ్ యార్డ్’ అనే బల్లమీది ఆటలో ఇట్లాంటి ఉపాయమే ఉన్నది. అందులో లండన్ నగరపు పటం మీద ఒక నేరస్థుడు రహస్యంగా కదులుతూ ఉంటాడు. 3, 8, 13, 18వ ఎత్తుల వద్ద అతడు తానున్న చోటును తప్పక చూపాలి. ఆ సంఖ్యలు అందరికీ ముందే తెలుసు. నేరస్థుడు బయటపడబోయే ఎత్తుకు ముందే దారి చూసుకుంటాడు, పోలీసులు వల సిద్ధం చేసుకుంటారు. మేడలోని మెరుపు ఎప్పుడు మెరుస్తుందో ఎవరికీ తెలియదు. భయానికి అది మేలు, ఆలోచనకు కీడు. నక్కి నక్కి ఒకడి వెనుకకు చేరిన దయ్యం తన తప్పు లేకుండా మెరుపుకు దొరికిపోవడం చూసినప్పుడు ఈ ఒక్క విషయంలో ఆ పాత బల్లమీది ఆటదే పైచేయి అనిపిస్తుంది.

లోపాలు ఇంకా ఉన్నవి. ఆటగాళ్ళు నలుగురైదుగురు లేకపోతే ఆట పలచబడుతుంది. ఒక్క వేటగాడి అదురు ఒక్క వృత్తమే కనుక, కూడబెట్టే రసం అంతా పోతుంది. మేడలు కొన్నే కనుక త్వరలోనే కంఠస్థమవుతాయి. అన్నిటికంటె ముఖ్యమైనది, దయ్యం పాత్ర నేర్పరి చేతిలో పడితే చిన్నపిల్లలైన వేటగాళ్ళకు దిక్కు లేదు. అదే పసివాడి చేతిలో పడితే నాలుగు టార్చిల మధ్య ఆట నిమిషంలో ముగుస్తుంది. సమపక్షాల ఆటలో ఓడినవాడు నేర్పు చాలలేదని సరిపెట్టుకుంటాడు. విషమ పక్షాల ఆటలో ఓడినవాడు, తన పక్షానికి న్యాయం జరగలేదని అంటాడు. అనే హక్కు అతనికి ఉన్నది కూడ.

ఈ చిక్కుకు అంతకు తొమ్మిదేళ్ళ ముందే ఒక మంచి విరుగుడు దొరికింది. 2003లో గేమ్‌క్యూబ్ యంత్రానికి వచ్చిన ‘పాక్‌మాన్ వర్సెస్’ అనే ఆటను షిగెరు మియమోతో రూపొందించాడు. 1980 నాటి పాత ‘పాక్‌మాన్’లో ఒక గుండ్రని జీవిని నాలుగు దయ్యాలు తరుముతాయి, దయ్యాలను నడిపేది యంత్రమే. మియమోతో ఆ దయ్యాల్లో మూడింటిని మనుషులకు ఇచ్చాడు. ఒక ఆటగాడు గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చేతియంత్రాన్ని తీగతో కలుపుకొని, పద్మవ్యూహమంతా చూస్తూ పాక్‌మాన్‌ను నడుపుతాడు. దయ్యాలుగా ఆడే ముగ్గురికీ టెలివిజన్‌లో తమ చుట్టూ కొంత మేరే కనబడుతుంది. ఇక్కడ దయ్యాలే గుడ్డివి, ఎరకే అంతా కనబడుతుంది. ఎవరు పాక్‌మాన్‌ను పట్టుకుంటే వారు వెంటనే ఆ చేతియంత్రాన్ని పుచ్చుకొని తదుపరి పాక్‌మాన్ అవుతారు. అన్యాయమైన ఆ స్థానమే బహుమానం. దయ్యాల మేడలో ఈ మార్పిడి నియమం లేదు. ఎవరు ఎప్పుడు దయ్యం కావాలో ఇంట్లోవాళ్ళే తేల్చుకోవాలి. పలక వదలని పెద్దపిల్లవాడి చేతినుంచి దానిని ఊడబెరకడం ఆటలో భాగం కాదు గాని, ఆటంత సేపూ పడుతుంది.

తరువాత వచ్చిన దయ్యాల ఆటల్లో మూడింటిని పోల్చి చూడవచ్చు. 2022 అక్టోబరు 18న ఇల్‌ఫానిక్ కంపెనీ ‘గోస్ట్‌బస్టర్స్: స్పిరిట్స్ అన్‌లీష్డ్’ను విడుదల చేసింది. నలుగురు వేటగాళ్ళు, ఒక దయ్యం. అందరూ ఇంటర్నెట్ మీద ఎవరి తెర ముందు వారు. దయ్యం వస్తువుల్లో దూరుతుంది, జిగురు చిమ్ముతుంది, జనాన్ని బెదరగొడుతుంది. వేటగాళ్ళు ఒకసారి బంధించినా, తాను దాచుకున్న మూడు బిలాల్లో ఏదో ఒకదానినుంచి తిరిగి పుట్టుకొస్తుంది. అదంతా సరదాగానే ఉంటుంది. కాని వస్తువునుంచి బయటకు వచ్చిన దయ్యం అందరి కళ్ళ ఎదుటే ఎగురుతుంది. అక్కడినుంచి జరిగేది తరుముడు మాత్రమే. దయ్యానికి శక్తులు పెంచారు, దాని అజ్ఞాతాన్ని ఖర్చు చేసివేశారు. పులిజూదంలో పులికి రెక్కలు తొడిగినట్లయింది.

అదే సంవత్సరం మార్చిలో పూర్తికాని రూపంలోనే అమ్మకానికి వచ్చిన ‘మిడ్‌నైట్ గోస్ట్ హంట్’ ఇంతకంటె తెలివైనది. నలుగురు దయ్యాలు, నలుగురు వేటగాళ్ళు. దయ్యాలు కుర్చీల్లో, కుండీల్లో దూరి కదలకుండా ఉంటాయి. అర్ధరాత్రి వరకు దొరకకుండా ఉంటే పాత్రలు తారుమారై, దయ్యాలకు బలం వచ్చి, వేటగాళ్ళే ప్రాణాలు దక్కించుకోవలసి వస్తుంది. ఎంతసేపు నిలవాలి, ఎప్పుడు మరొక కుర్చీకి మారాలి అన్న రాకుమారి ప్రశ్న ఇందులో సజీవంగా ఉన్నది. బెదిరి కదిలిన కుర్చీ పట్టుబడుతుంది, బద్ధకించిన కుర్చీ కూడ పట్టుబడుతుంది.

ఇంగ్లండుకు చెందిన కైనెటిక్ గేమ్స్ 2020 సెప్టెంబరు 18న విడుదల చేసిన ‘ఫాస్మోఫోబియా’ నిజానికి విషమ పక్షాల ఆట కాదు. నలుగురి వరకు ఒకే పక్షాన ఉంటారు, దయ్యాన్ని యంత్రమే నడుపుతుంది. అయినా ఈ పత్రిక పాఠకులకు అందులో ఆసక్తికరమైన సంగతి ఒకటి ఉన్నది. ఆటగాళ్ళు విద్యుదయస్కాంత క్షేత్రమాపకం, ఉష్ణమాపకం మొదలైన పరికరాలు పట్టుకొని ఇంట్లో తిరుగుతారు. క్షేత్రమాపకం ఇంటి గోడల్లోని కరెంటు తీగలను పట్టుకోగలదు గాని దయ్యాన్ని పట్టుకుంటుందనడానికి శాస్త్రాధారం ఏమీ లేదు. టెలివిజన్‌లో దయ్యాలను వెదికే కార్యక్రమాలు ఈ పరికరాన్ని వాడి జనంలో లేనిపోని నమ్మకం పెంచాయి. అయితే ఆటలో అసలు పని దయ్యాన్ని చంపడం కాదు, అది ఏ జాతి దయ్యమో మూడు ఆధారాలతో నిర్ణయించడం. ఉన్న ఆధారం ఏయే జాతులను కొట్టివేస్తుంది, మిగిలినవి ఏవి అని పట్టిక ముందు కూర్చొని ఆలోచించాలి. పరికరం బూటకం, విచారణ పద్ధతి మాత్రం నిక్కం. రసాయనశాలలో లవణ విశ్లేషణ చేసిన విద్యార్థికి ఈ పద్ధతి కొత్త కాదు.

ఈ మూడింటిలోను ఆటగాళ్ళు సాధారణంగా ఒకరినొకరు చూడరు. మాట మైక్రోఫోను గుండా వస్తుంది. దయ్యానికి వినబడకూడదనుకుంటే ఆ దారిని యంత్రమే మూసివేయగలదు. అప్పుడు చెప్పడమా, దాచడమా అనే సందిగ్ధం ఉండదు. బుకాయింపు ఉండదు. ముఖంలోకి చూసి పట్టేయడం ఉండదు. రిమోట్ పట్టుకున్న చెల్లెలు అన్న కళ్ళు పలకమీద ఏ మూలకు తిరుగుతున్నవో గమనించి, ఆ మూలకే టార్చి తిప్పే చమత్కారం ఏ ప్రోగ్రాములోను రాసి పెట్టలేరు.

వీ యూ యంత్రం మాత్రం వ్యాపారంలో నెగ్గలేదు. దానికి ముందరి వీ యంత్రాలు ప్రపంచమంతటా పది కోట్లకు పైగా అమ్ముడుపోగా, వీ యూ సుమారు ఒక కోటి ముప్పై అయిదు లక్షల దగ్గర ఆగిపోయింది. 2017 జనవరిలో దాని తయారీని నిలిపివేశారు. ఆ ఏడాది మార్చిలో దాని స్థానంలో వచ్చిన ‘స్విచ్’కు తెర ఒకటే: చేతిలో పట్టుకుంటే చేతిలో, టెలివిజన్‌కు తగిలిస్తే టెలివిజన్‌లో, రెండింటిలో ఒకేసారి కాదు. పుస్తకం కాగితం మారినా చదవవచ్చు. రెండు తెరల మధ్య తేడాయే ప్రాణంగా గల ఆటను ఒక్క తెరమీదకు ఎత్తి రాయడం ఎట్లా? ‘పాక్‌మాన్ వర్సెస్’ను 2017లో స్విచ్‌కు తెచ్చినప్పుడు అందుకు రెండు యంత్రాలు అవసరమయ్యాయి. 2024 ఏప్రిల్‌లో వీ యూకు ఇంటర్నెట్ ఆటల సేవ కూడ నిలిచిపోయింది. దయ్యాల మేడకు ఆ సేవతో పని లేదు. మూలపడిన యంత్రం ఒకటి, బ్యాటరీ చావని గేమ్‌ప్యాడ్ ఒకటి, రిమోట్లు నాలుగు దొరికితే అది మొదటిరోజున ఆడినట్లే ఆడుతుంది.

ఆడబోయేవారు కూర్చునే తీరు మాత్రం చూసుకోవాలి. గేమ్‌ప్యాడ్ తెరకు మూత లేదు, తడిక లేదు. పక్కన కూర్చున్నవాడు మెడ కాస్త చాచితే దయ్యం ఎక్కడున్నదో కనబడిపోతుంది. దానిని ఆపే ఏర్పాటు ఆటలో ఏదీ లేదు. అందుకే పలక పట్టుకున్నవారు సోఫా చివర, గోడకు వీపు ఆనించి కూర్చుంటారు. మిగిలిన నలుగురు, కళ్ళు టెలివిజన్ మీదనుంచి తిప్పకుండా కూర్చుంటారు.